అత్తయ్య గాలీచా

మా ఆయన దాన్ని మా కలకత్తా ఫ్లాటుకి తెచ్చిన సాయంత్రం నేను బ్యాంకు నుంచి తలనొప్పితో వచ్చాను. హాల్లో ఆయనా, అత్తయ్యా అక్వేరియం ముందు నేల మీద చతికిలబడి ఒక ప్లాస్టిక్ సంచీలోకి తొంగి చూస్తున్నారు. సంచీ నిండా ఉప్పునీళ్ళు, అడుగున మడిచి పడేసిన పెసరట్టు లాంటిది ఒకటి.

"ఏమిటది?" అన్నాను.

"కార్పెట్ అనిమోన్. ఏక్‌దమ్ హెల్దీ అన్నాడు దుకాణం దాదా."

"తినడానికా, పెంచడానికా?"

ఆయనకి కోపం వచ్చింది. అత్తయ్య మాత్రం నా వైపు తిరిగి, "మొక్కేటమ్మా ఇది? జంతువేటి?" అని అడిగింది. నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం నా ఒంటికి పడదు కాబట్టి, ముందు కాళ్ళు కడుక్కుని వస్తానని లోపలికి వెళ్ళి ఫోన్లో వెతికాను. జంతువేనట. కదులుతుందట, చేపల్ని తింటుందట, మెదడు మాత్రం లేదట. బయటికొచ్చి చెప్తే అత్తయ్య, "మరి ఆకలేస్తే దానికెలా తెలుస్తాది?" అంది. దానికి జవాబు ఫోన్లో దొరకలేదు.

ఆ అక్వేరియం మేము కోరి కొన్నది కాదు. మా ఆయన ఆఫీసులో ఒకతనికి బెంగుళూరు బదిలీ అయితే, సముద్రపు నీళ్ళ తొట్టెని మోసుకుపోలేక మా నెత్తిన పెట్టి వెళ్ళాడు. అందులో రాళ్ళూ, ఇసుకా, గాజు మీది పాచిని నాకుతూ తిరిగే కొన్ని నత్తలూ, నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న రెండు క్లౌన్ చేపలూ ఉండేవి. మామూలు చేపల తొట్టెలాగే ఉంటుందిలే అనుకున్నాం. ఉప్పు కొలవాలనీ, వేడి కొలవాలనీ, ఆవిరైపోయిన నీళ్ళ బదులు రోజూ ఉప్పులేని నీళ్ళు కలపాలనీ, అవి కూడా కుళాయి నీళ్ళు కాకుండా మిషన్లో వడపోసినవే కావాలనీ మెల్లగా తెలిసింది. క్లౌన్ చేపలకి సముద్రంలో అనిమోనే ఇల్లు అని ఎవరో చెప్పగా, మా ఆయన వాటికి ఇల్లు కడదామని దీన్ని తెచ్చాడు. మా ఇంటి వాయిదాలే ఇంకా తీరలేదు.

కార్పెట్ అంటే ఏమిటని అత్తయ్య అడిగితే మా ఆయన బెంగాలీలో "గాలీచా" అని చెప్పాడు. అప్పట్నుంచి మా ఇంట్లో దాని పేరు గాలీచా. అది కొన్నాళ్ళు తొట్టెలో అటూ ఇటూ జరిగి, చివరికి ఒక మూల ఇసుకలో పాదం దించి పరుచుకుంది. పరుచుకున్నాక చూస్తే మాత్రం నిజంగా బావుంది. పళ్ళెమంత వెడల్పు, ఆకుపచ్చా గోధుమరంగూ కలిసిన పొట్టి పొట్టి వేళ్ళు వేలకొద్దీ, నడుమ చిన్న నోరు. చేపలు మాత్రం దాని ముఖం కూడా చూడలేదు. అవి పంపు పక్కనే పడుకునేవి.

నాకు అక్కడే అనుమానం మొదలైంది. కార్పెట్ అనిమోన్లలో మూడు రకాలు ఎక్కువగా దుకాణాలకి వస్తాయట. హ్యాడనీ అనేది ఇసుకలో ఉంటుంది. మెర్టెన్సీ రాయిని పట్టుకుని ఉంటుంది. జైగాంటియా అలల తాకిడి ఎక్కువగా ఉన్న చోట ఉంటుంది, దాన్ని ఇంట్లో బతికించడం బాగా కష్టం. ఏ రకమో తెలిస్తేనే ఎక్కడ ఉంచాలో, ఎంత వెలుతురు ఇవ్వాలో, నీళ్ళు ఎంత జోరుగా కదలాలో తెలుస్తుంది. ఫొటో తీసి ఫోన్లో అక్వేరియం పెంచేవాళ్ళ గుంపు ఒకదానిలో పెట్టాను. ఒకాయన హ్యాడనీ అని తేల్చేశాడు. ఇంకొకాయన కానే కాదు, దాని అంచులు మడతలు మడతలుగా ఉన్నాయి కనక జైగాంటియా, ఆశ వదులుకోండి అన్నాడు. ఒకావిడ, పైన చూసి చెప్పేవాళ్ళని నమ్మొద్దు, కింది వైపు చూడండి, నారింజ చుక్కలుంటే మెర్టెన్సీ, ఊదా రంగు బుడిపెలుంటే జైగాంటియా, పెద్దగా ఏమీ లేకపోతే హ్యాడనీ అని రాసింది. నేను బ్యాంకులో సంతకాలు పోల్చి చూసే మనిషిని. ఇదెంత పని అనుకున్నాను.

ఆ ఆదివారం నేల మీద వెల్లకిలా పడుకుని, ఫోన్ టార్చి వేసి, తొట్టె మూలలోంచి దాని కిందికి చూశాను. ఒక వైపు నుంచి చూస్తే చుక్కలున్నాయి. ఇంకో వైపు నుంచి చూస్తే లేవు. గాజు మీది గీత కూడా చుక్కలాగే కనబడుతోంది.

అత్తయ్య వచ్చి నా తల దగ్గర నిలబడింది. "ఏటమ్మా ఎతుకుతున్నావు?"

"దీని పేరు అత్తయ్యా."

"పేరు అడుగునేటి రాసుంటాది, గిన్నె మీద రాసినట్టు?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. జోకు వేశానేమోనని భయపడినట్టు, "ఊరికే అడిగినానమ్మా" అని పక్కకి తప్పుకుంది.

ఆవిడ గురించి చెప్పాలి. నాది గుంటూరు. ఆవిడది మూడు తరాలుగా కలకత్తా. వాళ్ళ పెద్దవాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి కార్పొరేషన్ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మామయ్యగారు నీళ్ళ పంపు దగ్గర పని చేసేవారు. మెటియాబ్రుజ్ వైపు వాళ్ళ క్వార్టర్ల వరసలో అందరిదీ ఒకే కుళాయి, ఆ కుళాయి దగ్గర అత్తయ్య నోటికి ఎదురు లేదని మా ఆయన ఇప్పటికీ గొప్పగా చెప్తాడు. బిందెల తగాదా వస్తే ఆవిడ వచ్చి నాలుగు తిట్టి తీర్పు చెప్పేదట. పెళ్ళయిన కొత్తలో ఆ గొంతు నేనూ విన్నాను. మామయ్యగారు పోయాక క్వార్టరు ఖాళీ చెయ్యాల్సి వచ్చి, ఆవిడ న్యూ టౌన్‌లో మా ఫ్లాటుకి వచ్చింది. లిఫ్టులో ఎక్కి దిగే మనుషులు ఒకరినొకరు చూసుకోని చోటు ఇది.

ఇక్కడికొచ్చాక ఆవిడ గొంతు పోయింది. గ్లాసు తియ్యాలన్నా "తియ్యనా అమ్మా?" అనేది. టీవీ పెట్టుకోవాలన్నా అడిగేది. ఒకసారి మైక్రోవేవులో స్టీలు గిన్నె పెడితే నిప్పురవ్వలు వచ్చి అది పాడైంది. నేను "పర్వాలేదత్తయ్యా" అన్నాను, అంతే. ఆవిడ మళ్ళీ వంటింట్లో ఏ వస్తువూ ముట్టలేదు. మంచం కింద ఒక సంచీ ఎప్పుడూ సర్ది ఉండేది. బడ్జ్ బడ్జ్‌లో వాళ్ళ చెల్లెలి కూతురుంది, అక్కడికి వెళ్ళి ఉంటానని నెలకోసారి అనేది. ఆ పిల్ల ఇల్లు ఒకటే గది. మా ఆయన ఆ మాట విన్నప్పుడల్లా అన్నం సగంలో వదిలేసేవాడు. "అమ్మ ఇక్కడ ఇమడదు" అనేవాడు నాతో, నేనేదో చెయ్యాలన్నట్టు. ఏం చెయ్యాలో నాకు అర్థమయ్యేది కాదు. నాకు నోరెక్కువ అని అందరికీ తెలుసు. బ్రాంచిలో, క్యాబుల్లో, ఇంట్లో ఆయన మీద, ఎక్కడైనా లేస్తుంది. అత్తయ్యని మాత్రం ఒక్క మాట అనలేదు. మంచి కోడల్ననే అనుకున్నాను.

గాలీచా వచ్చాక ఆ సంచీ మంచం కింద నుంచి అటక మీదికి పోయింది. ఎప్పుడు పోయిందో మేము గమనించలేదు. ఆవిడ బాల్కనీలోని మోడా, ఆ పొట్టి వెదురు పీట, తెచ్చుకుని తొట్టె ముందు వేసుకుంది. పొద్దున నేను తయారవుతుంటే వార్తలు చెప్పేది. "ఈయేళ నోరు మూసుకునుంది. బాగుంది." "రాతిరి ముడుసుకుపోయి ఏదో కక్కినాది, మళ్ళీ విప్పుకుంది." అలా ముడుచుకుని మలినం వదలడం దానికి మామూలేనని నేను చదివి చెప్పాను. నోరు గట్టిగా మూసి ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు, తెరుచుకుని వేలాడితే జబ్బు అని కూడా చెప్పాను. ఆవిడ తల ఊపి, "మనిసికి తిరగేసి" అంది. ఆ మాటకి నేను నవ్వితే ఈసారి ఆవిడా నవ్వింది.

ఒకరోజు ఆవిడే అడిగింది, తరిగిపోయిన నీళ్ళు నేను పొయ్యనా అని. తొట్టె గాజు మీద ఒక టేపు అంటించి, నీళ్ళు ఇక్కడి దాకా ఉండాలి, ఈ క్యానులోవే పొయ్యాలి అని చూపించాను. క్యాను వడపోత మిషను దగ్గర ఉంటుంది. అప్పట్నుంచి నాకు ఆ బాధ తప్పింది. టేపు దగ్గర నీళ్ళు తక్కువైన రోజు లేదు. ఎండలు ముదిరాక తొట్టె వేడెక్కకుండా నీళ్ళ మీదికి చిన్న ఫ్యాను పెట్టాం. ఫ్యాను గాలికి నీళ్ళు మరీ త్వరగా ఆవిరయ్యేవి. ఆవిడ నేను బయల్దేరాక పొద్దునోసారి, తిరిగొచ్చేలోపు సాయంత్రమోసారి పోసేది. మోడా మీద కూర్చుని దానితో మాట్లాడేది కూడా, నేను వినేసరికి ఆపేసేది.

మేలో గాలీచా చిక్కిపోవడం మొదలైంది. మొదట నత్తలు పోయాయి. ఒకటి గాజు మీద నుంచి జారి వెల్లకిలా పడింది, తిప్పి పెడితే మళ్ళీ పడింది. తర్వాత ఇంకొకటి. నత్తలకి వయసైపోయిందేమో అనుకున్నాం, నత్త వయసు ఎంతో మాకెవరికీ తెలియకపోయినా. ఆ తర్వాత గాలీచా పళ్ళెం నుంచి సాసరంత అయింది. పొద్దున విప్పుకునేది కాదు. నోరు తెరుచుకుని ఉండేది. రొయ్య ముక్క పెడితే పట్టుకునేది కాదు, ముక్క జారి ఇసుకలో పడేది. చేపలు రెండూ మాత్రం నిక్షేపంలా తిరుగుతున్నాయి, గబగబా తింటున్నాయి, ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. ఒకే నీళ్ళలో ఒకటి చస్తుంటే ఇంకొకటి పండగ చేసుకోవడం ఏమిటో నాకు అంతుపట్టలేదు.

మళ్ళీ గుంపులో అడిగాను. హ్యాడనీ అన్నాయన ఇసుక చాలదన్నాడు. జైగాంటియా అన్నాయన, నేను ముందే చెప్పానుగా అన్నాడు. చుక్కలావిడ, దాన్ని రాయి మీదికి మార్చమంది. మా ఆయన లైటు ఎక్కువ చేశాడు. నేను తగ్గించాను. ఆయన మళ్ళీ ఎక్కువ చేశాడు. ఉప్పు కొలిచాను, సరిగ్గా ఉంది. వేడి కొలిచాను, సరిగ్గా ఉంది. ఉన్నవన్నీ సరిగ్గా ఉన్నాయి, అది మాత్రం చస్తోంది. ఆ రోజుల్లో నేను బ్యాంకులో కూడా పరధ్యానంగా ఉండేదాన్ని. ఒక ముసలాయనకి ఇవ్వాల్సిన పాసుబుక్కు ఇంకొకరికి ఇచ్చి మేనేజరు చేత మాట పడ్డాను.

అత్తయ్య మోడా మీంచి లేచేది కాదు. "బెంగ పెట్టుకుందేమో" అనేది. "దాన్ని దాని ఊరి నుంచి తెచ్చీసినారు గదా. ఇక్కడెవులున్నారు దానికి?" అది ఎవరి గురించి అంటోందో నాకు తెలుసు. టిఫిన్ డబ్బా సర్దుకుని బయటపడేదాన్ని.

చివరికి నేనే ఒక ఆదివారం చేపల సంతకి పోయి మందు అడిగాను. దుకాణాయన ఒక సీసా చేతిలో పెట్టి, దేనికైనా పనిచేస్తుంది దీదీ అన్నాడు. దేనికైనా పనిచేస్తుందనే మాట వింటే బ్యాంకు వాళ్ళకి ఒళ్ళు మండుతుంది. క్యాబులో కూర్చుని సీసా మీది సన్న అక్షరాలు చదివాను. ఇందులో రాగి ఉంది, చేపలకి హాని లేదు, నత్తలూ అనిమోన్లూ ఉన్న తొట్టెలో వాడరాదు అని ఉంది. వెనక్కి పోయి దుకాణాయనతో పోట్లాడదామనుకున్నాను. ఇంతలో ఒక మాట తట్టింది. చేపలకి ఏమీ కాదు, నత్తలూ అనిమోనూ చస్తాయి. మా తొట్టెలో జరుగుతున్నది అదే కదా.

రాగి ఉందో లేదో చూసే పరీక్ష పెట్టె కూడా కొనుక్కుని ఇంటికొచ్చాను. తొట్టె నీళ్ళు కాసిని గొట్టంలో పోసి చుక్కలు వేస్తే రంగు తిరిగింది. ఉంది. ఎక్కడి నుంచి వచ్చింది? మా ఆయన హీటరు తీసి చూశాడు, పంపు విప్పాడు, వైర్లు తడిమాడు. రాళ్ళలో ఉందేమో అన్నాడు. ఉప్పు కల్తీదేమో అన్నాను. క్యాను నీళ్ళు కూడా పరీక్ష చేశాం, అందులో రాగి లేదు. మేమిద్దరం తొట్టె చుట్టూ తిరుగుతూ కాపర్, కాపర్ అని అరుచుకుంటుంటే, ఆ ఇంగ్లీషు మాట తెలియని అత్తయ్య తన గదిలోకి వెళ్ళి తలుపు జారేసుకుంది.

మర్నాడు పొద్దున నేను ఒక గంట ఆలస్యంగా బయల్దేరాలి. జడ వేసుకుంటూ హాల్లోకి వచ్చేసరికి ఆవిడ తొట్టె ముందు నిలబడి నీళ్ళు పోస్తోంది. క్యానులోంచి కాదు. చంకన రాగి బిందె ఉంది, మెటియాబ్రుజ్ ఇంటి నుంచి తెచ్చుకున్నది, చింతపండుతో తోమి మెరిపించినది. ఆవిడ తాగే నీళ్ళు అందులోనే ఉంటాయని నాకు తెలుసు. అంతవరకే తెలుసు.

"అత్తయ్యా, ఇవి క్యానులో నీళ్ళు కావా?"

"అయ్యే అమ్మా. మిషను నీళ్ళు సచ్చిన నీళ్ళు కదేటి. రాతిరంతా రాగి బిందెలో ఉంచితే పేనం వస్తాది. మనం తాగీవి అలగే కదా. పాపం జబ్బు సేసిందని ఈమజ్జిన ఇంకొంచెం ఎక్కువే పోస్తున్నాను."

నా నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఆవిరయ్యేది నీరు, రాగి కాదు. ఆవిడ ఎంత ప్రేమగా పోస్తే అంత పేరుకుంది. నాకు కోపం వచ్చిందా, ఏడుపొచ్చిందా, ఇప్పటికీ చెప్పలేను. నా నోట్లోంచి వచ్చింది మాత్రం "సరే అత్తయ్యా" అనే మాట. అని, బ్యాంకుకి వెళ్ళిపోయాను. దారి పొడుగునా ఇదేమిటి నేను సరే అన్నాను అనుకుంటూనే ఉన్నాను.

మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. "అమ్మకి చెప్పకు" అన్నాడు. "గిన్నె సంగతికే వంటింట్లోకి రావడం మానేసింది. దీన్ని తన నీళ్ళే చంపుతున్నాయని తెలిస్తే ఇంకోరోజు ఉండదు. సంచీ తీసుకుని పోతుంది." ఆయన ఒక ఉపాయం చెప్పాడు. నీళ్ళు తగ్గగానే దానంతటదే పోసుకునే మిషను ఉంటుందట. అది పెడితే అమ్మ పొయ్యక్కర్లేదు, ఏమీ చెప్పక్కర్లేదు. నాకది సబబుగా తోచింది. అది ఎలా సబబుగా తోచిందో ఇప్పుడు ఆలోచిస్తే తెలియడం లేదు.

మిషను వచ్చింది. రాగిని పీల్చే మెత్త ఒకటీ, బొగ్గు సంచీ ఒకటీ ఫిల్టర్లో పెట్టాం. కొత్త ఉప్పునీళ్ళు కలిపి కొంచెం కొంచెంగా మార్చాం. సాయంత్రం అత్తయ్య బిందెతో వచ్చి, తొట్టె అంచున సన్న గొట్టంలోంచి నీటి చుక్కలు పడడం చూసింది.

"మిషనే పోసేస్తాదా?"

"మీకు శ్రమ అని అత్తయ్యా" అన్నాను.

"మంచిదే" అంది. బిందె తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

తర్వాత ఆవిడ హాల్లోకి రావడం తగ్గించేసింది. మోడా మళ్ళీ బాల్కనీకి చేరింది. భోజనానికి పిలిస్తే వచ్చి, తిని, కంచం కడగనా అని అడిగి వెళ్ళిపోయేది. గాలీచా మెల్లగా తేరుకుంటోంది, నోరు మూసుకుంటోంది, అంచులు కాస్త విప్పుకుంటోంది. ఆ వార్త చెప్పేవాళ్ళు లేక నేనే వెళ్ళి ఆవిడకి చెప్పాను. "అలాగా అమ్మా" అంది. ఎవరింటి సంగతో విన్నట్టు అంది. శనివారం బ్యాంకు నుంచి వచ్చేసరికి అటక మీది సంచీ మంచం మీద ఉంది, జిప్పు వేసి. బడ్జ్ బడ్జ్‌కి రేపు పొద్దున వెళ్తానని కొడుక్కి చెప్పేసింది. ఆయన బాల్కనీలో నిలబడి ఎటో చూస్తున్నాడు.

నేను ఆవిడ గదిలోకి వెళ్ళాను. ఏం మాట్లాడాలో అనుకుని వెళ్ళలేదు. ఎదురుగా రాగి బిందె కనబడింది. చెప్పేశాను. మనుషులకి మంచిదే అయినా అనిమోనుకి రాగి విషమనీ, నత్తలు పోయింది అందుకేననీ, మిషను పెట్టింది శ్రమ తప్పించడానికి కాదనీ, అన్నీ ఒక్క గుక్కలో చెప్పాను.

ఆవిడ బిందె వైపు చూసింది. "నా నీళ్ళకేనా?"

"అవునత్తయ్యా."

"నీకు ఎప్పుడు తెలిసినాది?"

"ఆ రోజు మీరు పోస్తుంటే చూశాను కదా, అప్పుడు."

ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ ముఖం ఎర్రబడింది. "మరి నన్నెందుకు తిట్టనేదు?" అంది.

నాకు అర్థం కాలేదు. "మిమ్మల్ని ఎలా తిడతాను అత్తయ్యా?"

"ఎందుకు తిట్టవు? నీ మొగుణ్ణి తిడతావు. పేపరోణ్ణి తిడతావు. పోన్లో ఆపీసోళ్ళని తిడతావు. నాను గిన్నెట్టి ఆ పెట్టి కాల్చీసినా తిట్టనేదు. ఇంత పేనాన్ని సంపేత్తన్నా తిట్టనేదు. సుట్టపుసూపుకి ఒచ్చినోళ్ళనమ్మా తిట్టంది. ఇంటోళ్ళనైతే తిడతారు. ఎన్నేళ్ళయినా నాను మీకు సుట్టాన్నే. అందుకే ఎల్లిపోతాన్నాను."

చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నేళ్ళూ నేను గొప్పగా చెప్పుకున్న మర్యాద ఆవిడకి అలా తగిలిందని నాకు తెలియనే తెలియదు. ఏదో సర్దిచెప్పబోయాను. సర్దిచెప్పే మాటలు రాలేదు, నాకు అలవాటైనవే వచ్చాయి.

"తిట్టాలా? అయితే వినండి! క్యానులోవే పొయ్యాలని నేను టేపు అంటించి మరీ చెప్పానా లేదా? అడక్కుండా ఆ బిందెలో ఎవరు పొయ్యమన్నారు? నెల రోజులుగా నేను లైటు తగ్గించి, ఉప్పు కొలిచి, పిచ్చిదాన్నయిపోయి తిరుగుతుంటే, మీరు పక్కన కూర్చుని బెంగ పెట్టుకుందేమో అంటారా? నత్తలు చచ్చాయి, ఇదీ చచ్చేదే! ఇప్పుడు సంచీ సర్దుకుని పోతారా? దీన్ని బతికించేది ఎవరు, నేనొక్కదాన్నేనా? నాకు ఉద్యోగం లేదా?"

"సెప్పకపోతే నాకేటి తెల్సు?" అత్తయ్య మంచం మీంచి లేచింది. ఆ గొంతు నేను పెళ్ళయిన కొత్తలో విన్న గొంతు. "టేపు అంటించినావు గానీ రాగి పనికిరాదని సెప్పినావా? సదువుకున్నదానివి, ముందు నువ్వు సదవొద్దా? నెల రోజులు సూసి నీళ్ళు ఎక్కడివని ఒక్కపాలి అడిగినావా? ఆ మిషనుకి పెట్టిన బుర్ర నన్నడగడానికి పెడితే నత్తలు సచ్చీవా?"

"నేను పొద్దున్నే పరిగెత్తేదాన్ని, మీ నీళ్ళు ఎక్కడివో చూస్తూ కూర్చుంటానా?"

"సూడాలి! పెంచుతున్నప్పుడు సూడాలి!"

మా ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఇద్దరం ఒకేసారి ఆయన మీద పడ్డాం. అసలు ఇదంతా తెచ్చింది ఎవరని నేను, తల్లికి ఒక మాట సెప్పకుండా మిషను పెట్టించింది ఎవరని ఆవిడ. పక్క ఫ్లాటు వాళ్ళు తలుపు తీసి మళ్ళీ వేసుకున్న చప్పుడు వినబడింది. నాకు గొంతు బొంగురుపోయింది. మా మధ్య జరిగింది పోట్లాటో, ఇంకేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆదివారం పొద్దున ఆవిడ బడ్జ్ బడ్జ్ వెళ్ళలేదు. వెళ్ళనని కూడా చెప్పలేదు. నేను లేచేసరికి మోడా తొట్టె ముందు ఉంది, మిషను గొట్టం ఊడదీసి బల్ల మీద పడేసి ఉంది. గాలీచా సగం పరుచుకుని ఉంది, అది హ్యాడనీయో కాదో ఇంకా తేలలేదు, చేపలు పంపు పక్కనే ఉన్నాయి. నేను వంటింట్లో నీళ్ళు పోసే ప్లాస్టిక్ మగ్గు తోమి తెచ్చి ఆవిడకి అందించాను. ఆవిడ తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"సబ్బెట్టి తోమినావేటి దీన్ని?" అని కసిరింది. "బుర్రుందా నీకు? దానికి సబ్బు పడతాదేటి? ఎల్లు, ఉత్త నీళ్ళతో మళ్ళీ కడిగి తే. బేగి."

నేను నోరెత్తకుండా వెళ్ళి, మగ్గు మళ్ళీ కడిగి తెచ్చాను.